బేరీజు బావ

హైదరాబాదులో ఇల్లు కొన్నవాళ్ళున్నారు, కొనలేనివాళ్ళున్నారు. ఈ ఇద్దరికీ మధ్య మూడో తెగ ఒకటుంది. వీళ్ళ దగ్గర డబ్బుంటుంది. లోనిస్తామని బ్యాంకులవాళ్ళు వారం వారం ఫోన్లు చేస్తుంటారు. ఇంట్లోవాళ్ళు పోరుతుంటారు. అయినా కొనరు. ఎందుకయ్యా అంటే, ఇంకా చూస్తున్నారు. మా అక్క మొగుడు ఈ తెగకి కులపెద్ద. చుట్టాలందరూ ఆయన్ని బేరీజు బావ అంటారు. ఎదురుపడితే మాత్రం వట్టి బావగారే.

ఊరంతా తిరిగి చూస్తాడనుకునేరు. అబ్బే. కోకాపేట, నార్సింగి వైపు కన్నెత్తి చూడడు. “అక్కడ అంతస్తులు లెక్కపెట్టేలోపు మెడ పట్టేస్తుందోయ్” అంటాడు. ఎల్బీనగర్ ఆయన లెక్కలో విజయవాడ పొలిమేర. ఆయన పంచాయితీ అంతా నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ మధ్యనే. పక్కపక్కనే ఉన్న మూడు ఊళ్ళు. ఎక్కడ ఒకటి అయిపోయి రెండోది మొదలవుతుందో అక్కడ పాలు పోసేవాడికి కూడా తెలీదు. 2019లో ప్రభుత్వం ఈ మూడింటినీ కలిపి నిజాంపేట నగరపాలక సంస్థ అని ఒకే బోర్డు కట్టింది. ప్రభుత్వానికి కనపడని తేడాలు మా బావకి కనపడతాయి.

నిజాంపేటయితే మెట్రోకి దగ్గర, కానీ పొద్దున ఎనిమిదింటికి కాలేజీ బస్సులు రోడ్డుకి అడ్డం పడతాయి. బాచుపల్లిలో రోడ్డు వెడల్పు, మల్లంపేట దగ్గర ఔటర్ ఎక్కేయొచ్చు, కానీ మనకి ఔటర్ మీద పనేముంది? ప్రగతినగర్‌లో చెట్లున్నాయి, అంబీర్ చెరువు గాలి ఉంది, కానీ ఆ గాలికి కూడా రేటు కట్టి అమ్ముతున్నారు. ఇలా ‘కానీ’ లేని వాక్యం ఆయన నోట వినాలంటే భోజనాల వేళే వినాలి.

ఓసారి బండి మీద నన్ను వెనకేసుకుని బాచుపల్లిలో ఒక కొత్త అపార్ట్‌మెంటుకి తీసుకెళ్ళాడు. భుజాన గుడ్డసంచీ. అందులో కొలత టేపు, గాజు గోలీ, అగరొత్తుల కట్ట, అగ్గిపెట్టె, అట్ట ఊడిన నోటుబుక్కు. సేల్స్ కుర్రాడు టై సర్దుకుంటూ ఎదురొచ్చి, “ముందు క్లబ్‌హౌస్ చూద్దామా సార్?” అన్నాడు.

“క్లబ్‌హౌస్‌లో పడుకోం కదా నాయనా. పడగ్గది చూపించు” అన్నాడు బావ.

పడగ్గదిలో నేల మధ్యన గోలీ వదిలాడు. అది కాసేపు ఆలోచించుకుని, నెమ్మదిగా దొర్లుకుంటూ వెళ్ళి బీరువా పెట్టే మూలన ఆగింది. “చూశావా, నైరుతి పల్లం” అన్నాడు, ఆ పల్లం తనే తవ్వించినంత తృప్తిగా. తర్వాత అగరొత్తి వెలిగించి కిటికీ దగ్గర పట్టుకున్నాడు, పొగ ఎటు పోతుందో, గాలి ఆడుతుందో లేదో చూద్దామని. పూజనుకుని సేల్స్ కుర్రాడు బూట్లు విప్పేశాడు. పూజ కాదని తెలిశాక మళ్ళీ తొడుక్కుంటూండగా బావ ఫోన్లో దిక్సూచి తీశాడు.

“తూర్పు ఫేసింగన్నావ్. ఇది ఆగ్నేయానికి పద్దెనిమిది డిగ్రీలు తిరిగుంది.”

“సూర్యుడు ఇటే వస్తాడు సార్.”

“ఏ నెలలో?”

పాపం ఆ కుర్రాడికి ఉద్యోగంలో చేరేముందు ఇవన్నీ చెప్పి ఉండరు.

అక్కడితో వదల్లేదు. 1,500 చదరపు అడుగులంటున్నారు కదా, అందులో గోడలు, మెట్లు, లిఫ్టు, కారిడారు తీసేస్తే నేను కాలు పెట్టే చోటెంత అన్నాడు. కార్పెట్ ఏరియా చెప్పి తీరాలని 2016 రెరా చట్టంలో ఉంది. బావకి ఆ చట్టం మా అక్క పుట్టినరోజు కంటే బాగా గుర్తు. మొత్తం స్థలంలో ఫ్లాటుకి వచ్చే వాటా ఎన్ని గజాలన్నాడు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, అనుమతి ప్లాను అన్నీ జిరాక్సులు కావాలన్నాడు. అవి తెచ్చి ఇంట్లో అటక మీద పెడతాడు. ఆ మూడు ఊళ్ళలో సగం అపార్ట్‌మెంట్ల చరిత్ర మా అక్క అటక మీద ఉంది. ఆవకాయ జాడీలు పెట్టుకోవడానికి ఆవిడకి చోటు లేదు.

బావ లెక్కల్లో తప్పుండదు. ఆ సంగతి ముందే ఒప్పుకోవాలి. కట్టడంలో ఉన్న ఫ్లాటు కొంటే 5 శాతం జీఎస్టీ. కట్టడం పూర్తయి ఓసీ వచ్చాక కొంటే ఆ బాదుడు లేదు. కాబట్టి ఓసీ వచ్చేదాకా ఆగుతాడు. ఓసీ వచ్చేసరికి బిల్డరు జీఎస్టీకి నాలుగింతలు రేటు పెంచి కూర్చుంటాడు. “ఇంత రేటు పెట్టి పూర్తయింది కొనే బదులు, పక్క ఊళ్ళో కట్టడంలో ఉన్నది చూసుకోవడం తెలివైన పని” అంటాడు. పక్క ఊరు వెళతాడు. అక్కడ 5 శాతం జీఎస్టీ. ఈ గానుగ ఇలా తిరుగుతుండగానే స్టాంపులూ రిజిస్ట్రేషనూ కలిపి 6 శాతం ఉన్నది 2021లో 7.5 అయింది. ఆ ఒకటిన్నర శాతం తననుద్దేశించే పెంచారని బావ గట్టి నమ్మకం.

బిల్డరు చెప్పేది అబద్ధం, కొన్నవాడు చెప్పేది గొప్ప, ఇస్త్రీ బండివాడు చెప్పేదే నిజం. ఇది ఆయన సిద్ధాంతం. ఏ వీధికి వెళ్ళినా ముందు ఇస్త్రీ బండి దగ్గర ఆగుతాడు. మూటలెన్నున్నాయో చూసి ఎన్ని ఫ్లాట్లలో మనుషులున్నారో, ఎన్నింటికి తాళాలున్నాయో చెప్పేస్తాడు. తర్వాత నీళ్ళ ట్యాంకరు డ్రైవర్ని పట్టుకుని ఏప్రిల్, మే నెలల్లో ఈ వీధికి రోజుకెన్ని ట్రిప్పులు వేస్తావని అడుగుతాడు. బ్రోషర్‌లో ‘సమృద్ధిగా నీరు’ అని రాసినచోట అంకె వేసి చూపించేది ఆ డ్రైవరొక్కడే.

ఒక లేఅవుట్ చివర చింతచెట్టు కింద కూర్చున్న ముసలాయన్ని చూసి బండి ఆపాడు. పక్కన రెండు గేదెలు నెమరేస్తున్నాయి.

“తాతా, ఈ జాగాలో మీ గేదెలు ఎప్పుడైనా ఈదాయా?”

“బర్లేంది సారూ, చిన్నప్పుడు మేమే ఈత గొట్టినం.”

ఆ లేఅవుట్ మీద నోటుబుక్కులో ఇంటూ మార్కు పడింది. చెరువు నిండితే నీళ్ళెక్కడి దాకా వస్తాయో చూపే ఎఫ్‌టీఎల్ పటం చూడ్డానికి ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్ళకి ఈ పద్ధతి నేను కూడా సిఫార్సు చేస్తాను.

వాన పడితే ఊరు ఊరంతా ఇంటిదారి పడుతుంది. బావ మాత్రం రెయిన్‌కోటు వేసుకుని బయల్దేరతాడు. 2016 సెప్టెంబరు వానలకి నిజాంపేట భండారీ లేఅవుట్ మునిగి, సెల్లార్లలో కార్లు తేలినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. సాయం చేయడానికి వెళ్ళాడని అక్క చాలామందికి చెప్పుకుంది. వెళ్ళింది నీళ్ళెంత లోతున్నాయో రాసుకోవడానికి. మోకాలు, నడుము, గుండె అని మూడు కొలతలు. ఒక కుటుంబానికి ట్రంకుపెట్టె మోయడంలో చెయ్యేసిన మాటా నిజమే. మోస్తూ మోస్తూ, ఎంతకి కొన్నారు అని అడిగాట్ట.

వాసన పరీక్ష వేరే ఉంది. అది రాత్రి పదకొండు దాటాకే. జీడిమెట్ల, బొల్లారం, కాజీపల్లి పారిశ్రామికవాడలు ఆ చుట్టుపక్కలే. రాత్రిపూట గాలి తిరిగితే ఘాటు వాసనలొస్తున్నాయని జనం మొత్తుకోవడం అక్కడ కొత్త కాదు. అది ఏ వీధి దాకా వస్తుందో తేల్చాలని ఓ చలికాలం రాత్రి బావ రోడ్డు పక్కన బండాపి, కళ్ళు మూసుకుని, ముక్కు ఆకాశానికెత్తి నిలబడ్డాడు. గస్తీ పోలీసులు ఆగి, ఏం చేస్తున్నావన్నారు. “వాసన చూస్తున్నానండీ” అన్నాడు. వాళ్ళు గొట్టం తీసి ఊదమన్నారు. అలా ఒకరి వాసన ఒకరు చూసుకుని విడిపోయారు.

ఇన్నేళ్ళలో ఆయన కొనకపోవడానికి కారణాలు లేని రోజంటూ లేదు. అడుగు మూడు వేలున్నప్పుడు “బుడగ, పేలుతుంది” అన్నాడు. నాలుగు వేలైనప్పుడు “ఎన్నికలయ్యాక తగ్గుతుంది” అన్నాడు. ఎన్నికలయ్యాయి, ఆషాఢం వచ్చింది. ఆషాఢం వెళ్ళింది, మూఢం వచ్చింది. 2017 నవంబరులో మియాపూర్ నుంచి మెట్రో మొదలైన రోజు మిఠాయి పంచాడు, ఇక నిజాంపేటే అన్నాడు. సాయంత్రానికి రేట్లు కనుక్కుని, మెట్రో వల్ల ఏరియా పాడైపోయిందన్నాడు. ఇప్పుడు రెండో దశలో మియాపూర్ నుంచి పటాన్‌చెరుకి 13.4 కిలోమీటర్ల ప్రతిపాదన ఉంది కదా. దాంతో ఆయన పటంలోకి బీరంగూడ, అమీన్‌పూర్ వచ్చి చేరాయి. అమీన్‌పూర్ చెరువుని 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారని, రాజహంసలు వస్తాయని చెప్పి అక్క కళ్ళలో ఆశ వెలిగించాడు. మర్నాడే, రాజహంసలొచ్చే చోట దోమలుండవా అన్నాడు.

బావకి పట్టాభిషేకం జరిగింది 2024లో. ఆ జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా పుట్టింది. చెరువుల పక్కకి జేసీబీలు రావడం మొదలైంది. టీవీ పెడితే బఫర్ జోన్, ఫోనెత్తితే బఫర్ జోన్. అంతకాలం బావని చూసి నవ్విన చుట్టాలందరూ వరసపెట్టి ఫోన్లు. ఈయన పడక్కుర్చీలో కాలు మీద కాలేసుకుని, “చెరువు విస్తీర్ణమెంత? 10 హెక్టార్లు దాటిందా? దాటితే 30 మీటర్లు వదలాలి. లోపయితే 9” అంటూ డాక్టరు మందు రాసినట్టు చెప్పేవాడు. “నేను ముందే చెప్పలా” అన్న మాట కోసం అక్షింతలు పట్టుకుని కూర్చున్నట్టుండేది ఆయన వాలకం. ఒకప్పుడు ఆయన్ని చూసి షట్టరు దించేసుకున్న నిజాంపేట రోడ్డు బ్రోకర్లు కూడా ఇప్పుడు కుర్చీ వేసి టీ తెప్పిస్తున్నారు. ఏ డాక్యుమెంటులో ఏ లింకు తెగిందో వాళ్ళకంటే ఈయనకే బాగా తెలుసు.

నేను ప్రగతినగర్‌లో ఫ్లాటు కొన్నది ఆయన నోటుబుక్కు చూసే. ఆయన రాసిన లోపాలన్నీ చదివి, వాటిలో నేను భరించగలిగేవి ఏవో చూసుకున్నాను, అంతే తేడా. గృహప్రవేశానికి బావ పట్టుబట్టలు కట్టుకొచ్చాడు. పాలు పొంగుతుండగా నా పక్కకొచ్చి చెవిలో, “పక్క బ్లాకులో కొని ఉంటే లిఫ్టు చప్పుడు వినపడేది కాదు” అన్నాడు. ఆ క్షణం దాకా నాకు లిఫ్టు చప్పుడు వినపడలేదు. ఆ రోజు నుంచీ వినపడుతోంది.

ఇంతకీ ఆయన ఉండేది కేపీహెచ్‌బీ ఆరో ఫేజులో, అద్దె ఫ్లాటు. పెళ్ళయిన కొత్తలో తాత్కాలికంగా దిగారు. ఓనరుగారు రిటైరైన పెద్దమనిషి. ఈ ఫ్లాటు ఎలా ఎంచుకున్నారండీ అని బావ ఓసారి నోటుబుక్కు తెరిచి మరీ అడిగాడు. “బస్సు దిగాను. ఎండగా ఉంది. ఎదురుగా అమ్మకానికని బోర్డుంది. నీడకని లోపలికెళ్ళాను, కొనేశాను” అన్నాడాయన. ఆ పేజీ ఖాళీగా ఉండిపోయింది.

ఈ మధ్య ఆ ఓనరుగారే ఇంటికొచ్చారు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళిపోతున్నారట, ఫ్లాటు అమ్మేస్తారట. “ఇన్నేళ్ళుగా ఉన్నారు, బయటి రేటు కంటే తగ్గించే ఇస్తాను” అన్నారు. అక్క మొహం చాటంతైంది. బావ గొంతు సవరించుకుని, ఆలోచించి చెబుతానన్నాడు. ఓనరుగారు అటు వెళ్ళగానే సంచీలోంచి గోలీ తీశాడు. గోలీ మంచం కిందకి పోయి మళ్ళీ కనపడలేదు. “మన వంటింటి కుళాయిలో నీళ్ళ ధార ఎలా ఉంటుంది?” అని అక్కనడిగాడు. “ఎప్పుడైనా ఓ బిందె పట్టుంటే తెలిసేది” అంది అక్క. కిందకెళ్ళి వాచ్‌మన్‌ని, వానొస్తే సెల్లార్లో నీళ్ళు నిలుస్తాయా అనడిగాడు. “పోయినేడు మీ బండి నేనే కదా సార్ ఎత్తి మెట్ల మీద పెట్టింది” అన్నాడు వాడు. అయినా మనసొప్పక, పక్కన తొమ్మిదో ఫేజు కూడా చూడకుండా ఎలా కొంటామంటూ ఆదివారం పొద్దున్నే బయల్దేరాడు.

ఆయన అటు వెళ్ళాడో లేదో నాకు ఫోనొచ్చింది. “తమ్ముడూ, ఓనరుగారికి టోకెన్ ఇచ్చేశానురా. నా గాజుల మీద తెచ్చాను. మీ బావకి నువ్వే చెప్పాలి.”

మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆయన కడుపు నిండాక, మెల్లిగా చెప్పాను. ఎగిరిపడతాడనుకున్నాను. పడలేదు. ఎంతకి ఇచ్చారని అడగలేదు. మజ్జిగ గ్లాసు కింద పెట్టి, సంచీలోంచి నోటుబుక్కు తీసి, కొత్త పేజీ తిప్పి, పెన్ను మూత పళ్ళతో లాగుతూ అక్క వైపు తిరిగాడు.

“ఎటు ఫేసింగ్?”