ఎద్దులకు ఉలవలు, బాబుకు బిల్లు

పశువులకు ఉలవలు ఉడకేసి, ఆ కట్టును కట్టెల పొయ్యి మీద చిక్కబడేదాకా మరిగించి, వేడన్నంలో మీగడతో జుర్రుకోవడం కృష్ణా జిల్లాలో పాత అలవాటే. ట్రాక్టర్లొచ్చి ఎద్దులు పోయాయి. చారు మాత్రం బెజవాడ ఏసీ హోటళ్లలో బిర్యానీ మీదికెక్కి కూర్చుంది. మన భోజనప్రియుడు దాన్ని నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసేలోపు అన్నం చల్లారి బిరుసెక్కుతుంది; అయినా "అబ్బ, అచ్చం అమ్మమ్మ చేతి వంటే!" ఇంట్లో అమ్మ ఉలవలు నానబోస్తే మాత్రం "ఎందుకమ్మా గ్యాస్ దండగ" అంటాడు. ఆదివారమైతే లడ్డూ కోసం బందరుకు కారెక్కుతాడు. 2017లో భౌగోళిక గుర్తింపు దక్కాకే దానికి తీపెక్కిందని పాపం ఆయన నమ్మకం! అమ్మా, ఈసారి చారు కాస్తే గిన్నె పక్కన బిల్లు కూడా పెట్టు, జీఎస్టీతో సహా.