నాటని చెట్టు ఎండిపోయింది

కర్నూలు, కడప జిల్లాల మెట్ట నేలకు ఏ పంట నప్పుతుందని అడిగితే శాస్త్రవేత్తలు కొర్ర, కంది, చీనీ అంటూ ఏవేవో చెబుతారు. వాళ్ల జాబితాకెక్కని పంట ఒకటుంది. దానికి బోరు వేయనక్కర్లేదు, అడవిపందులకు కాపలా పడుకోనక్కర్లేదు. ఒక సర్వే నంబరు, ఒక పాసుపుస్తకం, ఒక బ్యాంకు ఖాతా ఉంటే చాలు, విత్తకుండానే మొలుస్తుంది. ఎండిపోయాకే దిగుబడి మొదలవుతుంది.

దీన్ని సాగుచేసే ఆదర్శ రైతు మండల కేంద్రంలో, టీకొట్టు బల్ల మీద కూర్చుని ఉంటాడు. పేరెందుకు, అన్న అందాం. బుడ్డల చేను ఊరికి ఏ దిక్కున ఉందో అన్నకు తెలియదు. ఏ మండలంలో ఏ పంటకు బీమా ఉందో, గడువు ఏ తేదీన ముగుస్తుందో మాత్రం నోటికొచ్చు.

2016లో ప్రధానమంత్రి ఫసల్ బీమా వచ్చినప్పుడు రైతు వాటా ఖరీఫ్‌లో 2 శాతం, రబీలో ఒకటిన్నర, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. మిగతా ప్రీమియం సర్కార్లది. మన రాష్ట్రంలో 2019 ఖరీఫ్ నుంచి కొన్నేళ్లు ఆ వాటా కూడా అడగలేదు. సర్కారు పంటల నమోదు ఈ-క్రాప్‌లో పంట ఎక్కితే బీమా ఉన్నట్టే. 2021 ఖరీఫ్ నష్టానికి 2022 జూన్‌లో చెన్నేకొత్తపల్లి సభ నుంచి 15.61 లక్షల మందికి 2,977 కోట్లు వేశారు. బీడుకు పడింది, పంట పోయిన చేనుకు పడలేదు అన్న ఫిర్యాదులూ సీమ పల్లెల్లో గట్టిగానే వినపడ్డాయి. అన్న దీన్ని ఫిర్యాదు అనడు. బీడు మీద పత్తి పండించడానికి ఎంత నైపుణ్యం కావాలో ఆయనకే తెలుసు.

అయినా ఈ విద్యలో మనం వెనకబడ్డామని ఒప్పుకోవాలి. మహారాష్ట్ర 2023లో రైతుకు రూపాయికే పంట బీమా ఇచ్చింది. దరఖాస్తు నింపే సేవా కేంద్రానికి మాత్రం ఒక్కోదానికి 40 రూపాయలు. రూపాయి కట్టేవాడి కంటే నలభై పుచ్చుకునేవాడికి వ్యవసాయం మీద ప్రేమ పెరిగిపోయింది. సర్కారు భూములు, గుడి మాన్యాలు, గడ్డి కూడా మొలవని స్థలాలు కాగితం మీద పచ్చగా పండాయి, అంతే క్రమశిక్షణతో ఎండిపోయాయి. ఎవరూ నాటని తోటలకూ నష్టపరిహారం అడిగారు. 2025లో ఆ రూపాయి పథకాన్నే ఎత్తేశారు.

ఇక చీనీ, అరటి లాంటి తోటలకు వాతావరణ బీమా ఉంటుంది. అందులో చెట్టు ఎలా ఉందో చూడరు. వాన, ఎండ, గాలి లెక్క చూస్తారు. వాతావరణ కేంద్రం దగ్గర కురిస్తే మీ తోట తడిసినట్టే. సీమలో ఎద్దు ఒక కొమ్ము తడిసి రెండో కొమ్ము పొడిగా ఉండే వానలు పడతాయని పరికరానికి ఎవరు చెప్పాలి? అమెరికాలోని కొలరాడోలో ఇద్దరు పశువుల ఆసాములు చెప్పబోయారు. 2016, 17 ప్రాంతంలో సర్కారు వానమాపకాల వైర్లు కోశారు, లోపల సిలికాన్ పోశారు, పైన ట్రాక్టరు నాగలి పళ్లేలు బోర్లించారు. కరువు బీమా వచ్చింది. తర్వాత పోలీసులూ వచ్చారు. నేరం ఒప్పుకుని లక్షల డాలర్లు కక్కాల్సి వచ్చింది. మన ఊళ్లలో రోకలికి కప్పను కట్టి, బిందెలతో నీళ్లు పోసి వానను పిలుస్తారు పాపం. వచ్చిన వానను దాచిపెట్టడం మన ముసలమ్మలకు తోచనే లేదు.

పంటల దాకా అయితే నవ్వుకోవచ్చు. మనిషి ప్రాణానికి రేటు కట్టినప్పుడు నవ్వు రాదు. 2016లో చంద్రన్న బీమా మొదలైనప్పుడు సహజంగా పోతే 30 వేలు, ప్రమాదంలో పోతే 5 లక్షలు. మంచం మీద పోయినవాడి కంటే రోడ్డు మీద పోయినవాడి విలువ ఎందుకు ఎక్కువో పథకం రాసినవాళ్లు చెప్పలేదు. అలాంటి తేడా ఎక్కడుంటే అక్కడికి అన్నలు చేరతారు. నల్లగొండ జిల్లా దామరచర్ల మండలంలో జబ్బుపడ్డవాళ్ల పేరిట, తాగుడుకు బానిసలైనవాళ్ల పేరిట పాలసీలు చేయించి, చంపి, రోడ్డు ప్రమాదంగా చూపించిన ముఠాను 2021లో పోలీసులు పట్టుకున్నారు. ఇంట్లోవాళ్లకూ వాటా ఉంది. 2023 జనవరిలో మెదక్ జిల్లా టేక్మాల్ మండలంలో కారులో కాలిపోయాడనుకున్న సచివాలయ ఉద్యోగి ప్రాణాలతో దొరికాడు. కాలిపోయినవాడు వేరే మనిషి. బీమా 7 కోట్ల పైమాటే.

చట్టం ఓపిక మాత్రం పెద్దది. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం జీవిత బీమా పాలసీ మూడేళ్లు దాటితే ఏ కారణంతోనూ దాన్ని ప్రశ్నించకూడదు. నిజాయితీపరుణ్ని కంపెనీ వేధించకుండా పెట్టిన నియమమది. అన్న చదువుకున్నది వేరు: మూడేళ్లు మాగబెడితే అబద్ధం కూడా నిజమైపోతుందని.

ఇన్ని చూశాక వ్యవస్థ జాగ్రత్తపడింది. పంట బీమాకు ఫోటో కావాలి, వేలిముద్ర కావాలి, కౌలుకు చేస్తుంటే కార్డు కావాలి. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ కార్డుకు భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఇచ్చేది 11 నెలలకే. అయినా భూమి పోతుందేమోనని యజమాని పెన్ను ముట్టడు. మొన్న కోడుమూరు పక్కనుంచి ఒక కౌలు రైతు వచ్చి అన్న ముందు నిలబడ్డాడు.

"అన్నా, నాలుగెకరాల పత్తి పాయె. నాకేమన్నా పడ్తాదా?"

"భూమి ఎవరిది రా?"

"బెంగళూరులో ఉండే సారుది."

"అట్లయితే సారుకు పడ్తాదిలే. నువ్వేం దిగులు పెట్టుకోవద్దు."