మేనేజరు పద్యము: టీకా తాత్పర్యములు

ఆ.వె.
సమ్మెనాడు తానె సంతకంబిడకుండ
పేర్లు రాసి పంపు పెద్దవాడు
పైనవారి కితడు బంట్రోతు, కిందికి
దొరయె, నడిమి కెవరు తోడు చెప్పు?

ప్రతిపదార్థము: సమ్మెనాడు = యూనియన్లు పిలుపిచ్చిన దినమున; తానె = బ్యాంకు బ్రాంచి మేనేజరే; సంతకంబు ఇడకుండ = హాజరుపట్టీ ముట్టక; పేర్లు = డ్యూటీకి రానివారి పేర్లను; రాసి పంపు = జీతపు కోతకై రీజినల్ ఆఫీసుకు నివేదించు; పైనవారికి = రీజినల్ మేనేజరు ప్రభృతులకు; బంట్రోతు = చెప్పింది చేయువాడు; కిందికి = క్లర్కులకు; దొరయె = సెలవిచ్చు ప్రభువే; నడిమికి = ఈ ఇరువురి మధ్య నలుగువానికి; ఎవరు తోడు = ఏ సంఘము దిక్కు?

తాత్పర్యము: సమ్మె చేసినవాడే సమ్మె చేసినవారి జాబితా పంపవలెను. అందులో మొదటి పేరు అతనిదే.

విశేషములు: రానివాడు జాబితా ఎట్లు పంపెనని ఆక్షేపింపరాదు. ఇంటి నుండి వాట్సాప్‌లో పంపెనని సంప్రదాయజ్ఞులు.

"మేనేజరు కార్మికుడు కాడు గదా, అతనికి యూనియన్ ఏల?" అని పూర్వపక్షము. నిజమే. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టము మేనేజరును కార్మికుల పంక్తి నుండి లేపివేసినది. సూపర్‌వైజరుకు మాత్రము జీతము చూసి విస్తరి వేసినది: 2010 సవరణతో నెలకు 10,000 రూపాయలు హద్దు; 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ దానిని 18,000 చేసినది. దీనికి సమాధానము: 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టమునకు పరిశ్రమలో కొలువున్న ప్రతివాడూ కార్మికుడే అయియుండెను. కనుకనే బ్యాంకు యూనియన్ల ఐక్యవేదికలోని 9 సంఘములలో 4 ఆఫీసర్లవి. ప్రైవేటీకరణ వద్దని 2021 మార్చి 15, 16 తేదీలలో క్లర్కులూ ఆఫీసర్లూ కలిసే సమ్మె కట్టిరి.

అలంకారము: విరోధాభాసము. డిపాజిట్ల టార్గెట్ తప్పిన నెలలో "మీ స్టాఫ్‌తో పని చేయించుకోలేరా?" అందురు. సమ్మె ముందురోజు "మీరు మేనేజ్‌మెంటు మనిషి కదండీ, తాళాలు మీ దగ్గరే ఉంచుకుని రేపు బ్రాంచి తెరవండి" అందురు. అతడు తన బకాయిలు అడిగిన నాడు "స్టాఫ్ అందరితో పాటే మీకూ" అందురు. మనిషి ఒక్కడే, పై ఆఫీసు అవసరమును బట్టి కులము మారుచుండును.

ఛందస్సు: ఆటవెలది. యతి కుదిరినది, సెలవు కుదరలేదు.

ఫలశ్రుతి: ఈ పద్యమును నిత్యము పఠించువారికి ప్రమోషన్ లభించును. లభించిన పిమ్మట పద్యము అర్థము కాదు.