పదిహేడో జట్టు కింద గీతను

ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ పాయింట్ల పట్టికలో పదిహేడో జట్టుకూ పద్దెనిమిదో జట్టుకూ నడుమ ఉండే గీతను నేను. మే నెలాఖరుకు నా పైన మిగిలినవాళ్లు మరో ఏడాది ఇక్కడే ఆడతారు. కింద మిగిలిన ముగ్గురూ ఛాంపియన్‌షిప్ అనే రెండో అంచెకు దిగిపోతారు. పట్టిక తెరిచిన అభిమాని చూపు ముందు ఒకటో స్థానం మీద పడుతుంది, టైటిల్ ఎవరిదన్నదే సీజన్ అనుకుంటాడు. నా అభిప్రాయం వేరు. సీజన్ పస ఎంతో తేలేది పైన ఎవరున్నారన్నదాన్ని బట్టి కాదు, నా దగ్గర పోటీ ఎంత బిగుతుగా ఉందన్నదాన్ని బట్టి. సొంత డబ్బా అని కొట్టిపారేయకండి, నా దగ్గర లెక్కలున్నాయి.

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ లీగ్ 1888లో 12 క్లబ్బులతో పుట్టింది. నేను దానితోపాటు పుట్టలేదు. ఆ రోజుల్లో అట్టడుగున తేలిన క్లబ్బులు సాటి క్లబ్బుల ఓట్లు అడుక్కుని మళ్లీ చోటు సంపాదించుకునేవి. 1892లో రెండో డివిజన్ వచ్చాక, పై డివిజన్‌లో చివరివాళ్లకూ కింది డివిజన్‌లో ముందువాళ్లకూ మధ్య టెస్ట్ మ్యాచ్‌లు పెట్టారు. 1898లో స్టోక్, బర్న్‌లీ ఆఖరి టెస్ట్ మ్యాచ్‌కు దిగేసరికి, డ్రా అయితే చాలు ఇద్దరికీ పై డివిజన్ ఖాయమని ఇద్దరికీ తెలుసు. స్కోరు 0-0. అంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు. ఆ మరుసటి సీజన్ నుంచి టెస్ట్ మ్యాచ్‌లు ఎత్తేసి, ఇద్దరు కిందికి, ఇద్దరు పైకి అని నియమం చేశారు. నా పుట్టుక అది. ఓటూ ఒప్పందమూ రెండూ పనికిరాని చోట నన్ను గీశారు. 1973-74 నుంచి ఇద్దరికి బదులు ముగ్గురయ్యారు. 1995లో ప్రీమియర్ లీగ్‌ను 22 జట్ల నుంచి 20కి కుదించడానికి ఆ ఒక్కసారి నలుగుర్ని దింపి, నన్ను పదిహేడో స్థానం కింద స్థిరపరిచారు. మొహం చూసి ఎవరినీ వదిలిపెట్టింది లేదు. 1937లో ఛాంపియన్ అయిన మాంచెస్టర్ సిటీ, మరుసటి ఏడాది డివిజన్ మొత్తంలో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టి కూడా నా కిందికి పోయింది. మాంచెస్టర్ యునైటెడ్ వంతు 1974లో వచ్చింది. 1982లో యూరోపియన్ కప్ ఎత్తిన ఆస్టన్ విల్లాకు అయిదేళ్లే పట్టింది.

అలాంటి నేను ఈమధ్య రెండేళ్లపాటు వదులైపోయాను. 2023-24లో కింది నుంచి వచ్చిన ల్యూటన్, బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్ మూడూ వచ్చిన దారినే వెనక్కి పోయాయి. ముగ్గురికీ కలిపి 66 పాయింట్లు. నాలుగు పాయింట్లు కోత పడ్డ నాటింగమ్ ఫారెస్ట్ కూడా 32తో గట్టెక్కింది. 2024-25లో లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్‌లదీ అదే కథ, ముగ్గురికీ కలిపి 59 పాయింట్లు. సౌతాంప్టన్ అయితే ఇంకా ఏడు మ్యాచ్‌లుండగానే దిగిపోయింది, చివరికి మిగిలినవి 12 పాయింట్లు. కొత్తగా వచ్చిన ముగ్గురూ ఒకే ఏడాదిలో తిరుగుముఖం పట్టడం ప్రీమియర్ లీగ్‌లో అంతకుముందు ఒక్క 1997-98లోనే జరిగింది. ఇప్పుడు వరసగా రెండుసార్లు. దీని ఫలితం కిందివాళ్లతో ఆగలేదు. 2024-25లో టోటెన్‌హామ్ 38 మ్యాచ్‌లలో 22 ఓడి, 38 పాయింట్లతో సరిగ్గా నా నెత్తి మీద కూర్చుంది. నా కింద ఉన్న లెస్టర్‌కు 25. నడుమ 13 పాయింట్ల ఖాళీ ఉంటే భయమెందుకుంటుంది? వసంతం వచ్చేసరికి టోటెన్‌హామ్, పదిహేనో స్థానంలోని మాంచెస్టర్ యునైటెడ్ రెండూ లీగ్‌ను పక్కన పెట్టి యూరోపా లీగ్ మీద పడ్డాయి. బిల్బావోలో జరిగిన ఆ ఫైనల్ వాళ్లిద్దరిదే. 1-0తో గెలిచిన టోటెన్‌హామ్ పదిహేడో స్థానం నుంచి నేరుగా ఛాంపియన్స్ లీగ్‌కు వెళ్లింది. గాయాలు ఎక్కువన్నది నిజమే, 2008 తర్వాత వాళ్లకు దక్కిన తొలి ట్రోఫీ అన్నదీ నిజమే, ఆ క్లబ్బు అభిమానిని నేను తప్పుపట్టను. కానీ పాస్ మార్కు 35 అయిన తరగతిలో వెనక బెంచీ వాళ్లు పాతిక దాటరని ముందే తెలిస్తే, 38 వచ్చేవాడు పుస్తకం తెరుస్తాడా? ఆ వసంతంలో పట్టిక కింది సగంలో ఎన్నో మ్యాచ్‌లు మొక్కుబడిగా సాగాయి.

2025-26 సీజన్ నాకు నచ్చడానికి కారణం అక్కడే ఉంది. ఒకప్పుడు నాలుగేళ్లు మూడో అంచెలో మగ్గి, 2025 మే నెలలో ప్లేఆఫ్ ఫైనల్ చివరి నిమిషాల గోలుతో పైకొచ్చిన సండర్లాండ్, మొదటి మ్యాచ్‌లోనే వెస్ట్ హామ్‌ను 3-0తో ఓడించింది. అక్టోబరులో చెల్సీని దాని మైదానంలోనే 2-1తో, డిసెంబరులో పొరుగున ఉన్న న్యూకాసిల్‌ను 1-0తో కొట్టింది, నడుమ ఆర్సెనల్‌తో 2-2 డ్రా. కింది నుంచి వచ్చినవాళ్లలో ఒక్కరు నిలబడ్డా చాలు, పైన నిశ్చింతగా కూర్చున్న ఎవరో ఒకరి చోటు కదులుతుంది. వుల్వ్స్‌కు కొత్త సంవత్సరం వచ్చేదాకా లీగ్‌లో ఒక్క గెలుపు లేదు. 2023లో కాన్ఫరెన్స్ లీగ్ ఎత్తిన వెస్ట్ హామ్ ఆ జనవరికి నా కిందే ఉంది. ఎన్నో ఏళ్లు ఇక్కడ ఉన్నామన్నది చోటును కాపాడదని ఈ ఇద్దరికీ అర్థమైంది. సండర్లాండ్ చేసిందేముంది, డబ్బు గుమ్మరించింది అని ఒక మాట వినిపిస్తోంది. గుమ్మరించింది, కాదనను. కానీ అంతకు ముందటేడు సౌతాంప్టన్, ఇప్స్‌విచ్ మాత్రం చేతులు ముడుచుకుని కూర్చున్నాయా? ఎవరిని కొన్నారన్నది ముఖ్యం. సండర్లాండ్ మధ్యమైదానానికి గ్రానిట్ జాకాను తెచ్చుకుంది, పెద్ద మ్యాచ్‌లు ఆడి ఆడి రాటుదేలినవాడు. రెండు అంచెల మధ్య అగాధం పూడిపోయిందని మాత్రం నేననను. 2024-25 ఛాంపియన్‌షిప్‌లో 46 మ్యాచ్‌లకు 16 గోల్సే ఇచ్చిన బర్న్‌లీ, ఇక్కడికొచ్చాక నవంబరు మొదటి వారానికే ఆ లెక్క దాటేసింది.

నన్ను చెరిపేయాలనేవాళ్ల వాదన తేలికగా తీసిపారేసేది కాదు. 2021 ఏప్రిల్‌లో 12 పెద్ద యూరప్ క్లబ్బులు (అందులో ఆరు ఇంగ్లండ్‌వే) సూపర్ లీగ్ అనే సొంత పోటీని ప్రకటించినప్పుడు, శాశ్వత సభ్యులకు నాలాంటి గీతతో పనే లేకుండా చూసుకున్నాయి. అభిమానులు వీధుల్లోకొస్తే ఇంగ్లండ్ క్లబ్బులు మూడు రోజుల్లో తోక ముడిచాయి. అయినా వాళ్ల ప్రశ్న అలాగే ఉంది: పడిపోతామన్న భయముంటే అకాడమీ మీద, స్టేడియం మీద డబ్బు ఎవరు పెడతారు? అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎంఎల్‌ఎస్‌లో దిగిపోవడమనేదే లేదు, అది నిక్షేపంగా నడుస్తోంది. కానీ అక్కడ జీతాలకు పరిమితి పెట్టారు, ప్లేఆఫ్‌లతో పోటీని నిలిపారు, నేను చేసే పనిని వేరే ఏర్పాట్లు చేస్తున్నాయి. ఆ ఏర్పాట్లు గట్టిగా లేని చోట గీత ఒక్కటీ తీసేస్తే ఏమవుతుందో చూడాలంటే తెలుగువాళ్లు హైదరాబాద్ దాటి వెళ్లక్కర్లేదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్‌లు గెలిచిన సిటీ పోలీస్ జట్టు ఊరది. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఛాంపియన్ అయింది. 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒక్కటి గెలిచి ఆఖరున నిలిచింది. గీత లేదు కనుక మరుసటి ఏడాదీ అదే లీగ్‌లో ఆడింది, మళ్లీ కింది వరసలోనే తేలింది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. దిగిపోయే భయం లేకపోవడం ఆ జట్టు ఆడిన గచ్చిబౌలిలో ఫుట్‌బాల్‌ను కాపాడలేదు. అదే ఏడాది నవంబరులో భారత లీగ్ వాణిజ్య హక్కుల టెండరుకు ఒక్క బిడ్డూ రాలేదు. భద్రత చూసి పెట్టుబడి పరిగెత్తుకొస్తుందన్న లెక్క అక్కడ తప్పింది. దిగిపోయిన క్లబ్బు కింది అంచెలో అదే ఊళ్లో, అదే పేరుతో, అదే జనం ముందు ఆడుతుంది. తరలిపోయిన క్లబ్బు అభిమానికి ఆ పాటి కూడా మిగలదు.

నన్ను ఇరుకున పెట్టే ఆక్షేపణ ఇంకొకటి ఉంది: నా కిందికి పోవడమంటే ఆటగాళ్లే కాదు, టికెట్ కౌంటర్‌లో, వంటగదిలో పనిచేసేవాళ్లు కూడా ఉద్యోగాలు పోగొట్టుకోవడం. దీనికి నా దగ్గర బదులు లేదు, అందుకే పారాషూట్ సొమ్ము పెట్టారు. దిగిపోయిన క్లబ్బుకు మొదటి ఏడాది, ప్రీమియర్ లీగ్ క్లబ్బులకు సమంగా పంచే ప్రసార ఆదాయంలో ఒక్కొక్కరికి వచ్చే వాటాలో 55 శాతం, రెండో ఏడాది 45, మూడో ఏడాది 20 శాతం ఇస్తారు. ఒక్క సీజనే ఆడి దిగిపోతే రెండేళ్లతో సరి. ఉద్దేశం మంచిదే. కానీ ఆ సొమ్ముతో దిగినవాళ్లే ఛాంపియన్‌షిప్‌లో మిగతావాళ్లకు అందనంత ఎత్తులో ఉండి మళ్లీ పైకొస్తున్నారు, వచ్చాక ఇక్కడ చాలక మళ్లీ దిగుతున్నారు. బర్న్‌లీ, లెస్టర్ ప్రయాణాలు ఇందుకు సాక్ష్యం. 2015 వసంతంలో అట్టడుగు నుంచి పాకి గట్టెక్కి, మరుసటి ఏడాది 81 పాయింట్లతో టైటిల్ కొట్టిన ఆ లెస్టరే తర్వాత నా మీదుగా కిందికీ పైకీ తిరిగింది. నేను కోరేది ఈ సొమ్ములో పెద్ద భాగాన్ని ఛాంపియన్‌షిప్‌లోని 24 క్లబ్బులకూ పంచి, దిగినవాళ్ల ఆటగాళ్ల జీతాలు తగ్గేలా ఒప్పందాల్లోనే ముందుగా రాయించమని. అప్పుడు పెద్ద పేరున్న క్లబ్బు తిరిగి రావడానికి ఇంకో రెండేళ్లు పట్టవచ్చు. పట్టనివ్వండి.