పాత స్కీ పడవ అమ్మబడును: టీకా తాత్పర్య సహితము

మూలం: “1990 స్కీ నాటిక్ అమ్మబడును. 600 గంటలు మాత్రమే. ఎప్పుడూ మంచినీళ్లలోనే తిరిగింది. ఏటా చలికాలానికి సిద్ధం చేయించాం. నేల గట్టిగా ఉంది. బాగా నడుస్తోంది. చిన్న చిన్న పనులున్నాయి. ట్రైలరుతో సహా.”

అవతారిక: మెదక్ సీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. ఈ అష్టకానికి ఆ నియమం చెల్లదు. అమెరికాలో పాత పడవ ప్రకటనకు టీక రాసేవాడు మూలంలో లేనిదే రాయాలి. అమ్మేవాడు చెప్పినవి ఎనిమిది వాక్యాలు. కొనేవాడి డబ్బు పోయేది ఆయన చెప్పని తొమ్మిదో వాక్యంలో.

స్థల నిర్ణయం: అట్లాంటాకు ఉత్తరాన లేనియర్ సరస్సు. చట్టహూచీ నది మీద బ్యూఫర్డ్ డ్యామ్ కట్టగా 1950లలో నిండింది. ఒక ఒడ్డున ఫోర్సైత్ కౌంటీ, అందులో కమింగ్ ఊరు, ఆ చుట్టుపక్కల బోలెడు తెలుగు కుటుంబాలు. సరస్సుకు పెట్టింది సిడ్నీ లేనియర్ అనే కవి పేరు. కవి పేరున్న నీటి పక్కన కాపురముంటూ ఎనిమిది వాక్యాల వచనానికి అర్థం తెలియక మోసపోతే ఏం బాగుంటుంది?

“స్కీ నాటిక్”: ఫ్లోరిడాకు చెందిన కరెక్ట్ క్రాఫ్ట్ వారు 1961 నుంచి చేస్తున్న పడవ. మోటారున్న పడవలన్నీ, నీటి మీద స్కీ చేసే మనిషిని తాడుతో లాగే స్కీ పడవలు కావు. దీనికి ఇంజను నడిమధ్యన ఉంటుంది, అడుగున సన్నని రెక్కలుంటాయి. వెనక లేచే అల చదునుగా ఉండాలి, తాడు పట్టుకున్న మనిషి పక్కకు గుంజినా పడవ గీత తప్పకూడదు. నీటి మీద తేలే ఆరు బోయాల చుట్టూ తిరిగే స్లాలమ్ పోటీ దారి పొడవు 259 మీటర్లు. మగవారి పోటీలో పడవ గరిష్ఠ వేగం గంటకు 58 కిలోమీటర్లు. అంతసేపూ అది దారం పట్టి గీసినట్టు పోవాలి.

ఇక్కడ పూర్వపక్షం: ఇంత హంగు దేనికి? 1922లో మిన్నెసోటాలోని లేక్ సిటీలో రాల్ఫ్ శామ్యూల్‌సన్ అనే 18 ఏళ్ల కుర్రాడు రెండు చెక్కలు కొని, వాటి ముక్కులు తల్లి బట్టలు ఉడకబెట్టే కాగులో మరిగించి వంచి, పెపిన్ సరస్సు మీద నిలబడలేదా? నిలబడ్డాడు. ముందు పీపా చెక్కలతో మునిగి, మంచు స్కీలతో మునిగి, ఆ తర్వాత నిలబడ్డాడు. సమాధానం: అన్నిసార్లు మునిగే ఓపికుంటే ఏ పడవైనా చాలు.

“600 గంటలు మాత్రమే”: కారుకు మైళ్లు, పడవకు గంటలు. ‘మాత్రమే’ అవధారణార్థకం, అంటే కొనేవాడు అక్కడ ఆగి ఆలోచించాలని అర్థం. ముప్పై అయిదేళ్లకు 600 గంటలంటే ఏడాదికి పట్టుమని పద్దెనిమిది గంటలు లేవు. పడవైనా పనిలేక కూర్చుని ఉండాలి, మీటరైనా పనిచేయక కూర్చుని ఉండాలి. మొదటిదైతే రబ్బరు ముక్కలు ఎండి పగులుతాయి, పెట్రోలు బంకలా మారుతుంది. రెండోదైతే ఎన్ని గంటలు తిరిగిందో దేవుడికెరుక. సంవత్సరం మాత్రం దాచడం కష్టం. వెనక కుడి మూల 12 అక్షరాల గుర్తింపు సంఖ్య చెక్కి ఉంటుంది. చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం.

“మంచినీళ్లలోనే”: లక్షణకు ఉదాహరణగా ఆలంకారికులు ‘గంగలో గొల్లపల్లె’ అంటారు, గంగ ఒడ్డున అని అర్థం. ఇక్కడ అలా సర్దుకుంటే కుదరదు. ఇంజను చల్లబడేది పడవ తేలే నీటితోనే. ఉప్పునీళ్లయితే ఎగ్జాస్ట్ గొట్టాలను లోపల్నుంచి కొరికేస్తాయి. నీటిని పైకి తోడేది ఇంపెల్లర్ అనే రెక్కల రబ్బరు చక్రం. నీళ్లు లేకుండా నిమిషం తిరిగితే కాలిపోతుంది. తెగిన రెక్కలు కూలర్లో ఇరుక్కుని, ఇంజను వేడెక్కాక గానీ బయటపడవు. కొత్తది వేశామంటే సంతోషమే, పాతదాని రెక్కలన్నీ దొరికాయా అని అడగాలి.

“సిద్ధం చేయించాం”: ప్రేరణార్థక క్రియ. కర్త ఒకరు, చేసినవాడు ఇంకొకరు. ఆ ఇంకొకరి బిల్లు చూడాలి. లోపల మిగిలిన నీరు గడ్డకట్టితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, ఇంజను ఇనప బ్లాకు ఆ ఉబ్బుకు ఆగదు. జార్జియాలో చలి మెతక గనుక ‘ఈ ఏడుకు పోనిద్దూ’ అనుకునేవాళ్లెక్కువ. పగలడానికి ఒక్క రాత్రి చాలు. బ్లాకుకు రెండు పక్కలా, ఎగ్జాస్ట్ గొట్టాలకూ బిరడాలుంటాయి. బిరడా తీస్తే చుక్క రాలేదా, లోపల నీళ్లు లేవని మురిసిపోరాదు. తీగముక్క పెట్టి పొడిస్తే తుప్పు పెచ్చు ఊడి, తుప్పునీళ్లు బొళబొళమని మోచేతి దాకా కారుతాయి. తర్వాత ఆయిలు చూసే పుల్ల బయటికి లాగాలి. పుల్ల చివర పాలు కలిపిన కాఫీ రంగు కనబడితే ఆయిల్లో నీళ్లు కలిసినట్టే, బేరం అక్కడితో సరి.

“నేల గట్టిగా ఉంది”: అష్టకానికి ప్రాణం ఈ వాక్యమే. నిజమే, నేల గట్టిదే. అడిగింది నేల సంగతి కాదు. 1990ల మొదటి దాకా వచ్చిన చాలా స్కీ పడవల్లో నేల కింద ముందు నుంచి వెనక్కు కర్ర దూలాలుంటాయి, పైన ఫైబర్‌గ్లాస్ తొడుగు. ఇంజను కూర్చునేది వాటి మీదే. బోల్టుల రంధ్రాల్లోంచి నీరు దిగి, తొడుగు చెక్కుచెదరకుండానే లోపలి కర్ర పుచ్చిపోతుంది. పైన కొత్త కార్పెట్ వేస్తే పెళ్లిపందిరిలా ఉంటుంది. పరీక్షకు ఒక రెంచి, ఒక చిన్న సుత్తి చాలు. ఇంజను కాళ్ల బోల్టులు బిగిస్తే బిగియాలి. తిప్పేకొద్దీ తిరుగుతుంటే పట్టుకోవడానికి లోపల కర్ర లేదన్నమాట. దూలం మీద సుత్తితో కొడితే ‘టక్’మనాలి, ‘తప్’మంటే తడి. బాగుచేయాలంటే ఇంజను ఎత్తి, నేల కోసి, దూలాలు కొత్తగా వేయాలి. పనివాడికిచ్చే కూలి పడవ ధరను దాటడం మామూలే.

“బాగా నడుస్తోంది”: వర్తమానకాలం. ఎక్కడ నడుస్తోందో మూలకారుడు చెప్పలేదు. ఇంటి ముందు గొట్టం నీళ్లతో నడవడం వేరు, సరస్సులో మనిషిని లాగుతూ నడవడం వేరు. చూడబోయినవారు మాటలు కలుపుతూనే ఇంజను మీద చెయ్యి వేయాలి. వెచ్చగా తగిలితే, పొద్దున్నే లేపి తిప్పి ఉంచాడని, చల్లగా ఉన్నప్పుడు తేలిగ్గా అంటుకోదని ధ్వని.

“చిన్న చిన్న పనులు”: ఒకే మాట రెండుసార్లు వస్తే రెండోది ఆమ్రేడితం. ఇక్కడ ఆమ్రేడితమయ్యేది బిల్లు. షాఫ్టు బయటికి పోయేచోట ప్యాకింగ్ నుంచి నీటిచుక్కలు పడటం లోపం కాదు. పాత పద్ధతి బిగింపుకు ఆ కొద్ది తడే చలవ. ఆగకుండా ధార కడితేనే లోపం. ఆ కాలపు నాటిక్‌లలో ఎక్కువగా కనిపించేది ఫోర్డ్ 351 ఇంజను. కారు ఇంజనుకు బంధువే గదా అని కార్ల దుకాణంలో చవగ్గా స్టార్టరు కొని బిగించడం మనవాళ్ల తెలివి. ఆ తెలివి ఇక్కడ పనికిరాదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పడవ అడుగున పేరుకుంటుంది. పడవ స్టార్టరు నిప్పురవ్వ బయటికి రాకుండా మూసి ఉంటుంది, కారుది ఉండదు. అందుకే ఇంజను తిప్పేముందు నాలుగు నిమిషాలైనా ఆ ఆవిరిని బయటికి తోసే బ్లోయరు ఆడించాలి.

“ట్రైలరుతో సహా”: సహార్థంలో తృతీయ. టైరు పక్కనున్న నాలుగంకెలు 2316 అయితే అది 2016లో 23వ వారం పుట్టింది. గాళ్లు అరగకపోయినా పక్కగోడలు పగిలే వయసు.

తాత్పర్యం: దూలాలు గట్టివైతే బేరమాడి కొనదగినది. పుచ్చినవైతే ఊరికే ఇచ్చినా వద్దు. కొన్నవారు రేవులో దించేముందు పడవ వెనక అడుగునున్న ఇత్తడి బిరడా బిగించారో లేదో ఒకసారి వంగి చూసుకోండి. ఒడ్డుమీద నీళ్లు కారిపోవడానికి తీసి ఉంచుతారు, తిరిగి పెట్టడం మర్చిపోతారు.