సోఫాధీశ్వర స్తుతి

రామదాసు గోల్కొండ చెరసాలలో కూర్చుని రాముణ్ణి తిట్టిపోశాడు. నోట్లో నింద, గుండెలో భక్తి. నేనుండేది చర్లపల్లిలో. ఇక్కడా ఓ పెద్ద జైలుంది. ఆ గాలి సోకిందో ఏమో, నాక్కూడా ఒకరిని కీర్తించాలని బుద్ధి పుట్టింది. ఆయన మా బావగారు, అక్క భర్త. ఇక్కడి ఇండస్ట్రియల్ ఏరియాలో 30 ఏళ్ళు షిఫ్టులు చేసి రిటైరయ్యారు. ప్రస్తుతం 55 అంగుళాల టీవీకీ దాని ఎదురుగా ఉన్న సోఫాకీ ఏకఛత్రాధిపతి. రామదాసులాగా లోపలొకటి బయటొకటి పెట్టుకోవడం నాకు చేతకాదు. నాది శుద్ధ స్తుతి.

బావగారు సినిమా ప్రేమికులు. ఇది నేను కనిపెట్టింది కాదు, ఆయనే చెబుతుంటారు. రోజుకో సినిమా చూస్తారు, సినిమాకో తీర్పిస్తారు. ఐదుకి ఎన్ని మార్కులో పావులతో సహా తేలుస్తారు. ఇప్పటిదాకా రెండుముప్పావు దాటిన సినిమా లేదు. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు టాకీ పుట్టింది. అప్పట్నుంచి ఇన్ని తరాలవాళ్ళు తీసినా ఒక్కటీ మూడుకి చేరలేదంటే, తప్పు తీసినవాళ్ళదే గానీ కొలబద్దది కాదు గదా.

2025 జనవరి 6న చర్లపల్లి కొత్త రైల్వే టెర్మినల్ మొదలయ్యాక ఆయన కీర్తి నగరం నాలుగు మూలలకూ పాకింది. అంతకుముందు చుట్టాలు సికింద్రాబాద్‌లో రైలెక్కి వాళ్ళ దారిన వాళ్ళు పోయేవారు. మా ఇల్లు ఎవరి దారిలోనూ తగిలేది కాదు. ఇప్పుడు తెల్లవారుజామున చర్లపల్లిలో రైలంటే, ఆ వేళప్పుడు మెహిదీపట్నం నుంచి ఏ ఆటోవాడొస్తాడని ముందురోజు సాయంత్రమే సంచులతో దిగిపోతారు. అన్నం పెట్టి పక్క వేసే పుణ్యం మా అక్కది. ఆ రెంటికీ మధ్య మిగిలే మూడు గంటలు బావగారివి. థియేటర్లో జనం డబ్బు పెట్టి టికెట్టు కొంటారు, నచ్చకపోతే లేచి వెళ్ళిపోతారు. ఆయన దగ్గర ఈ రెండు బాధలూ లేవు. టికెట్టు లేదు, రైలొచ్చేదాకా వెళ్ళే చోటూ లేదు.

థియేటర్ అంటే ఆయనకు కోపమేమీ లేదు. ఈసీఐఎల్ దగ్గర రాధికకో, నాచారం వైజయంతికో పోదామా బావా అంటే పద్ధతిగా కారణాలు చెబుతారు. పార్కింగు, పాప్‌కార్ను, పక్కవాడి ఫోను. పక్కవాడి ఫోను వెలుగు కంట్లో పడితే ఆయనకు సినిమా బుర్రకెక్కదు. ఇంట్లో ఆ చిక్కు లేదు. ఇక్కడ ఫోను ఆయనదే.

ఆయన ఓపిక గురించి ఒక్క మాట. ‘పుష్ప 2’ 2024 డిసెంబర్ 5న విడుదలైంది. 56 రోజుల దాకా ఏ ఓటీటీలోనూ రాదని నిర్మాతలు ముందే చెప్పేశారు. బావగారు ఆగారు. ఆ 56 రోజులూ వచ్చినవాళ్ళకల్లా సినిమా ఎక్కడ పోయిందో విడమరిచి చెప్పారు. జనవరి 30న అది ఇంట్లోకొచ్చింది, మూడున్నర గంటలు దాటిన నిడివితో. చూశారు. చూశాక కూడా అభిప్రాయం వెంట్రుకవాసి మారలేదు. ఎంత స్థిరచిత్తం! మొదటి ‘పుష్ప’ అయితే 2021 డిసెంబర్ 17న వచ్చి, మూడు వారాలకే జనవరి 7న ఓటీటీలోకి దిగిపోయింది. చూడకముందు అభిప్రాయం పండటానికి వ్యవధి చాల్లేదని ఆయన ఇప్పటికీ నొచ్చుకుంటారు. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపుకుని మరీ ఎనిమిది వారాల గడువు గురించి మాట్లాడుకున్నది ఎవరి మేలు కోసమో నాకు అప్పుడు అర్థం కాలేదు.

‘ఆర్‌ఆర్‌ఆర్’ సంగతి వేరు. 2022 మేలో అది రెండు వాకిళ్ళలోంచి ఇళ్ళకొచ్చింది. తెలుగుది జీ5లో, హిందీది నెట్‌ఫ్లిక్స్‌లో. బావగారి దగ్గర అప్పటికి బెంగళూరు మేనల్లుడి నెట్‌ఫ్లిక్స్ పాస్‌వర్డు ఒక్కటే ఉంది. మరోదానికి డబ్బు కట్టడం కళను అవమానించడమని ఆయన సిద్ధాంతం. కాబట్టి రామ్ చరణ్, ఎన్టీఆర్ హిందీలో మాట్లాడుతుండగా సినిమా అంతా చూసి, రిమోట్ పక్కన పెట్టి అన్నారు: “అంత మంచిగనే ఉంది గానీ, తెలుగు నేటివిటీ లేదు రా.” రెండుంబావు. మరుసటి ఏడు ఆ సినిమా పాటకు ఆస్కార్ వస్తే ఊరంతా టపాకాయలు కాల్చింది. బావగారు చలించలేదు. 2023 జూలైలో నెట్‌ఫ్లిక్స్‌వాళ్ళు మన దేశంలో ఇల్లు దాటిన పాస్‌వర్డులకు తాళం వేసినప్పుడు మాత్రం తెలుగు సినిమా భవిష్యత్తు గురించి రెండు రోజులు దిగులుపడ్డారు.

ఇక చూసే పద్ధతి. ఆయన ఏ సినిమానైనా ఒకటిన్నర స్పీడులో చూస్తారు. పాట వస్తే దాటేస్తారు, ఫైటు వస్తే ఫోను చూసుకుంటారు, మాటలు వస్తే మాట్లాడతారు. ‘దృశ్యం 2’ 2021 నవంబర్‌లో నేరుగా ఇంటికే వచ్చినప్పుడు, శవం ఎక్కడుందో టైటిల్స్ పడుతుండగానే అందరికీ చెప్పేశారు. ఆయన అప్పటికే మలయాళంలో చూసి ఉన్నారు. రక్తపోటున్న మా పెద్దమ్మ ఆ రోజు పక్కనే కూర్చుని ఉంది. ఉత్కంఠ ఆమెకు పడదు. ఇంత ముందుచూపు ఏ డాక్టరుకుంటుంది?

మొన్న సంక్రాంతి స్పెషల్ రైలుకి వచ్చిన చుట్టాల కోసం ‘శంకరాభరణం’ పెట్టారు, అదే స్పీడులో. జె.వి. సోమయాజులుగారు కళ్ళు మూసుకుని రాగం అందుకున్నారో లేదో, మెట్లన్నీ రెండేసి చొప్పున ఎక్కేసి కిందికి దూకారు. పొద్దున అయిదింటికి చర్లపల్లిలో ఆయన రైలు కూడా ఉందేమో అన్నట్టు. తంబురా తేనెటీగలా మోగింది. విశ్వనాథ్‌గారు 1980లో ఓపిగ్గా వదిలిన మౌనాలు తుమ్మేటంత సేపు కూడా లేవు. రెండున్నర. మూడుకి సగం మార్కు ఎందుకు తగ్గింది బావా అంటే, “పాటలెక్కువైనయ్” అన్నారు.

బావగారి ప్రతిభ పూర్తిగా విప్పారింది ‘మాయాబజార్’ దగ్గరే. 2010లో రంగులద్దిన ప్రతి అది. టీవీలో వివిడ్ మోడ్ పెట్టుకున్నారు. రంగు ఉన్నప్పుడు దాచుకోవడం దేనికని. దాంతో మార్కస్ బార్ట్‌లీ కెమెరాలో పండిన వెన్నెల కాస్తా మా సందు చివర కొత్తగా వేసిన ఎల్‌ఈడీ స్తంభం వెలుతురయింది. పడవలో సావిత్రి, నాగేశ్వరరావు ఆ వెలుతురుకి కళ్ళు చికిలించినట్టే నాకు కనిపించింది. ఎస్వీ రంగారావు లడ్లు మింగే పాటను, నిజం చెప్పాలి, దాటించలేదు. ఆ టైముకి బావగారు కూడా అక్క చేసిన సకినాలు తింటున్నారు. చేతులు ఖాళీ లేవు.

ఉన్నట్టుండి రిమోట్ నొక్కి ఆపేశారు. తెరమీద ఘటోత్కచుడు నోరు తెరిచి ఆగిపోయాడు.

“బామ్మర్ది, ఒక్క మాట చెప్పు. ఇది భారతమే గద?”

“అవును బావా.”

“మరి పాండవులు ఏడవొయిన్రు రా? అయిదుగుర్ల ఒక్కడన్న కనవడ్డడా ఇప్పటిదాంక? అభిమన్యుడు ఎవ్వని కొడుకు?”

గది నిశ్శబ్దమైపోయింది. నిజమే. ఆ సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరు. వాళ్ళు లేకుండానే వాళ్ళ కథ నడిపించారని, పాండవులు రాకపోయినా లోటు తెలియనివ్వకపోవడమే కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావుల గొప్పని 1957 నుంచి అందరం పొరబడుతూ వచ్చాం. అది మర్చిపోవడమని మా చర్లపల్లిలో తేలింది. “డైరెక్టర్ చూస్కోలే” అన్నారు బావగారు సకినం కొరుకుతూ. రెండుముప్పావు. అదే ఇప్పటిదాకా గరిష్ఠం. పాండవుల కింద మూడుకి తగ్గింది పావు మార్కే.

అదే సినిమాలో ప్రియదర్శిని అని ఓ పెట్టె ఉంది. ఎవరు తెరిస్తే వాళ్ళ మనసుకు నచ్చింది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనపడతాడు. కృష్ణుడు తెరిస్తే శకుని! బావగారి టీవీ కూడా ఆ జాతిదే. తెరవగానే ‘మీ కోసం’ అంటూ వరుసగా బొమ్మలు పేరుస్తుంది. ఆయనకు అన్నీ కత్తులు పట్టుకున్న బొమ్మలే వస్తాయి. “నా టేస్ట్ దీనికి ఎర్కైంది” అని మురిసిపోతారు. సగం సగం చూసి వదిలేసినవన్నీ మళ్ళీ ముందుకు తోస్తోందని నేను అనుకున్నాను గానీ, స్తుతి చేసేటప్పుడు అలాంటివి అనకూడదు.

ఆయన పూర్వాశ్రమం గురించీ చెప్పాలి. అది అంత గొప్పగా ఉండదు. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు వాళ్ళ బస్తీలో ఒక్క ఇంట్లో టీవీ ఉండేది. ఈ పక్కనే ఈసీఐఎల్ వాళ్ళు తయారుచేసిన ఈసీ టీవీ, షట్టరు తలుపులది. శుక్రవారం చిత్రలహరికి, వారానికో తెలుగు సినిమాకి నలభై మంది ఆ గదిలో, గుమ్మంలో, కిటికీ చువ్వల మీద. అప్పటి కుర్రాడు బావగారు, యాంటెన్నా తిప్పడానికి డాబా మీద నిలబడేవారట. “వచ్చిందా?” అని పైనుంచి అరవడం, “పోయింది, కొంచెం ఎడమకు!” అని కింద నుంచి. అలా నిలబడి సగం సినిమా వినేవారు తప్ప చూసేవారు కాదు. స్పీడు పెంచే వీలు లేదు. పాట దాటించే వీలు లేదు. కరెంటు పోతే వచ్చేదాకా నలభై మందీ చీకట్లో కదలకుండా కూర్చునేవారట. తర్వాత సినిమా ఎలా ఉందని అడిగితే “మస్తుంది” అనేవారు, అంతే. ఎంత వెనకబడిన విమర్శ! అందులోంచి ఈ పావులూ ముప్పావులదాకా ఎదగడానికి ఆయన ఎంత కష్టపడి ఉండాలి.

ఈ స్తుతిలో ఒకే ఒక్క మచ్చ ఉంది. దాచితే భక్తి కాదు కాబట్టి చెబుతున్నాను.

పోయిన నెల ఓ రాత్రి కరీంనగర్ వైపు నుంచి వచ్చిన దంపతులున్నారు. వాళ్ళ కోసం ‘బలగం’ పెట్టారు. 2023లో ఆ సినిమాను తెలంగాణ పల్లెల్లో తెర కట్టి ఊరంతా కలిసి చూశారని, ఏడ్చారని, అలిగిన అన్నదమ్ములు కలిశారని పేపర్లలో వచ్చింది. బావగారు అప్పుడే అన్నారు, ఏడుపుకి మార్కులుండవని. మామూలు పద్ధతిలోనే మొదలుపెట్టారు. పిండం కాకి ముట్టని చోట “కాకికి ట్రైనింగ్ సక్కగియ్యలే” అన్నారు. నల్లి బొక్క దగ్గర మొదలైన పంతంతో బావా బామ్మర్దులు ఏళ్ళ తరబడి మాట్లాడుకోరని తెలిసేసరికి గట్టిగా నవ్వారు. “ఒక్క బొక్కకా? లాజిక్ లేదు!”

అక్క నావైపు చూసింది. నేను సకినాల గిన్నెవైపు చూశాను. బావగారూ వాళ్ళ తమ్ముడూ మాట్లాడుకోక ఇది ఆరో ఏడు. ఊళ్ళో ఇంటి మధ్య గోడ జానెడు ఇటు జరిగిందా అటు జరిగిందా అన్నది కారణం. అందులో లాజిక్ ఉంది.

చివర్లో బుడగ జంగాలవాళ్ళు వచ్చి పాడే పాట ఉంటుంది. పాట గనుక దాటిపోతుందనే అందరం అనుకున్నాం. బావగారి బొటనవేలు రిమోట్ మీదే ఉంది. ఒక్కసారి నొక్కారు. స్పీడు మామూలుకొచ్చింది. ఇంకో నొక్కుకి పాట ఎగిరిపోవాలి, పోలేదు. కాసేపటికి ఆయన మంచినీళ్ళకని లేచి వంటింట్లోకి వెళ్ళారు. ఆయన మంచినీళ్ళకు లేస్తే సినిమా ఆగాలి, అది ఈ ఇంటి నియమం. ఆ రోజు ఆపలేదు. వంటింట్లో లైటు వెయ్యలేదు, గ్లాసు చప్పుడూ వినపడలేదు. పాట అయిపోయాక వచ్చారు.

పేర్లు పడుతుంటే కరీంనగర్ ఆయన మర్యాదకు అడిగాడు: “ఎన్ని మార్కులిస్తరు అన్నా?”

బావగారు టీవీ కట్టేశారు. ఫోను తీసి, ఏదో నంబరు కోసం పైకీ కిందికీ జరుపుతూ, మా ఎవరి మొహమూ చూడకుండా అన్నారు:

“పొద్దుగాల్ల రైలున్నది. పండుకోన్రి.”