దుప్పటి కప్పుకుంటే 295 డాలర్లు

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో గ్రాంట్స్ పాస్ అనే ఊరుంది. జనాభా నలభై వేలకు కాస్త తక్కువ. మన లెక్కలో ఓ మోస్తరు మున్సిపాలిటీ. మా వాతావరణమే మా గొప్ప అని చాటే బోర్డొకటి 1920 నుంచీ నడివీధికి అడ్డంగా వేలాడుతోంది. హైవే దిగి ఊళ్లో అడుగుపెట్టగానే పద్దెనిమిది అడుగుల విగ్రహం ఎదురవుతుంది. లింకన్‌ది అనుకునేరు. కాదు, తోలు చుట్టుకుని దుడ్డుకర్ర పట్టుకున్న గుహమానవుడిది. 1922లో ఊరి వ్యాపారులే తోళ్లు కట్టుకుని గుహమానవుల క్లబ్బు పెట్టారు. అధ్యక్ష పదవికి పోటీ చేసిన థామస్ డ్యూయీ 1948లో అటుగా వస్తే ఈ వేషాలతోనే స్వాగతం పలికారు. హైస్కూలు ఆటల జట్లకూ అదే పేరు.

దీన్నిబట్టి ఇల్లు లేని మనిషంటే ఈ ఊరికి ద్వేషం లేదని తేలుతోంది. వాడు ఫైబర్‌గ్లాసువాడై ఉండాలి, అంతే.

రక్తమాంసాలున్నవాడికి మాత్రం వేరే పద్ధతి ఉండేది. పార్కులోగానీ ఫుట్‌పాత్ మీదగానీ పక్క పరిస్తే, ఊరి చట్టం ప్రకారం అది 'శిబిరం'. డేరా వేయక్కర్లేదు, పడుకోవడానికి పరిచిన దుప్పటి చాలు. జరిమానా 295 డాలర్లు ఉండేది. కట్టలేకపోతే 537 డాలర్ల 60 సెంట్లు అయ్యేది. ఆ అరవై సెంట్లు చూశారా? జేబులో చిల్లర లేక నేల మీద పడుకున్నవాడి దగ్గర పైసలతో సహా లెక్క తేల్చుకునేవారు. నిక్కచ్చి అంటే అదీ! రెండుసార్లు దొరికితే ముప్పై రోజులు పార్కు మొహం చూడకూడదని ఉత్తర్వు వచ్చేది. చూస్తే అక్రమ ప్రవేశం కింద ముప్పై రోజుల వరకు జైలు, 1,250 డాలర్ల వరకు జరిమానా. ఇదీ ఒకందుకు మేలే. ప్రభుత్వ ఖర్చుతో మంచం దొరికే దారి ఇదొక్కటే.

ఇక మత్తు సంగతి. 2020లో ఓరెగాన్ ఓటర్లు పెద్ద మనసు చేసుకుని, సొంత వాడకానికి కొద్దిగా డ్రగ్స్ దగ్గరుంచుకోవడం నేరం కాదని తీర్పిచ్చారు. వంద డాలర్ల జరిమానా చీటీ చేతిలో పెట్టేవారు. ఓ నంబరుకు ఫోన్ చేసి ఆరోగ్యం గురించి మాట్లాడితే అదీ మాఫీ అయ్యేది. అంటే అప్పట్లో ఆ ఊరి ధరల పట్టిక ఇలా ఉంది: జేబులో మెత్ అనే డ్రగ్ ఉంటే 100, ఒంటి కింద దుప్పటి ఉంటే 295. (మధ్యలో కింది కోర్టులు దుప్పటి ధరకు కొంతకాలం కళ్లెం వేశాయిలెండి. ఊరు మాత్రం పై కోర్టు దాకా పోరాడింది.) ఇంతకీ ఆ ఫోన్ నంబరు ఏమైంది? మొదటి పదిహేను నెలల్లో వచ్చిన కాల్స్ 119. రాష్ట్రం మొత్తం మీద! చికిత్స కేంద్రాల డబ్బు ఫైళ్లలో నడుస్తుండగా మత్తులో ఉన్నవాడు తనంతట తనే ఫోన్ చేసి బాగుపడతాడని ఆశించిన ఉదారవాదుల అమాయకత్వానికీ ఒక విగ్రహం కట్టాల్సిందే. 2024 సెప్టెంబరు నుంచి డ్రగ్స్ దగ్గరుంచుకోవడం మళ్లీ నేరమైంది.

ఊళ్లో ఆశ్రయమే లేదంటే అన్యాయం. గాస్పెల్ రెస్క్యూ మిషన్ ఉంది. రోజుకు రెండుసార్లు ప్రార్థనకు హాజరవ్వాలి, కూలి లేకుండా పని చెయ్యాలి, పొగ తాగకూడదు, పెంపుడు కుక్కను వెంట తేకూడదు. ఏళ్ల తరబడి అలవాటుకు బానిసైనవాడు ఆ అలవాటునూ కుక్కనూ వదిలేసి గుమ్మం తొక్కితే పడక దొరుకుతుంది. ఆసుపత్రిలో చేరాలంటే ముందు రోగం తగ్గించుకుని రమ్మన్నట్టు.

ఈ తెలివంతా ఒక్కరోజులో పుట్టింది కాదు. 2013లో నగర కౌన్సిల్ ఈ 'దేశదిమ్మరుల సమస్య' మీద సమావేశం పెట్టింది. ఊళ్లో ఉండటం వాళ్లకు ఎంత ఇబ్బందిగా చెయ్యాలంటే, వాళ్లే రోడ్డు పట్టుకుని ముందుకు పోవాలని కౌన్సిల్ అధ్యక్షురాలు తేల్చింది. లోపలి మాటను ఇంత పచ్చిగా బయటపెట్టిన పాలకులు అరుదు. మెచ్చుకోవాలి.

ఈ జరిమానాల మీద వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 జూన్ 28న ఆరుగురు న్యాయమూర్తులు ఊరి వైపు, ముగ్గురు అవతలి వైపు. ఇల్లు లేనివాడైనా, సెలవుల్లో వీపున సంచి తగిలించుకుని తిరిగే షికారు కుర్రాడైనా, ధర్నాకొచ్చి పచ్చిక మీద పడుకున్న విద్యార్థైనా చట్టానికి ఒకటేనని జస్టిస్ గోర్సచ్ సెలవిచ్చారు. నిజమే. కాకపోతే కుర్రాడికీ విద్యార్థికీ తెల్లారాక వెళ్లడానికి ఇల్లుంది.

కేసు వేసినవాళ్లు నమ్ముకున్నది ఒక పాత తీర్పును: మత్తుకు బానిస కావడం నేరం కాదని 1962లో ఇదే కోర్టు రాబిన్సన్ కేసులో చెప్పింది. తీర్పు వచ్చేనాటికి ఆ రాబిన్సన్ బతికి లేడు. గ్రాంట్స్ పాస్ మీద మొదట కేసు వేసినామె కూడా అంతే. అయిదు వేల డాలర్లకు పైగా జరిమానాల బాకీతో, అరవై రెండేళ్లకే 2021లో పోయింది. కేసుకు ఇంకొకరి పేరు పెట్టారు.

అమెరికావాడి బుద్ధి చూశారా అని మనం చంకలు గుద్దుకోనక్కర్లేదు. 1977లో భిక్షాటన నిరోధక చట్టం చేసుకున్న రాష్ట్రం మనది. 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్ వస్తోందని హైదరాబాద్ కూడళ్లలో బిచ్చగాళ్లను ఏరి జైలు ఆవరణల్లోకి తరలించినవాళ్లం. అతిథి కళ్లు నొచ్చుకోకూడదు కదా!

తీర్పు చేతికొచ్చాక గ్రాంట్స్ పాస్ ఊరుకుందా? ఇల్లు లేనివాళ్లకు తనే కేటాయించిన పెద్ద శిబిర స్థలాన్ని 2025 జనవరిలో మూసేసింది. మిగిలిన చిన్న జాగాలో సాయంత్రం అయిదు నుంచి పొద్దున ఏడు దాకా మాత్రమే ఉండొచ్చంది. జనవరి చలిలో తడిసిన డేరా విప్పి, పరుపు చుట్టి, ఏడింటికల్లా మొత్తం సంసారాన్ని మోసుకుని బయటపడాలి. సాయంత్రం మళ్లీ అదే చోట పరుచుకోవాలి. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకూ ఇదే వ్యాయామం. వికలాంగుల హక్కుల సంస్థ కోర్టుకెక్కితే గానీ, నూటయాభై మందికి జాగా, తాగడానికి నీళ్లు ఇస్తామని ఆగస్టులో రాజీకి రాలేదు. నీళ్లు ఇవ్వడానికి ఒప్పందం కావాల్సొచ్చింది!

సుప్రీంకోర్టు తీర్పు చూసి అమెరికాలో వందకు పైగా ఊళ్లు ఇలాంటి నిషేధాలే తెచ్చుకున్నాయి. రోడ్డు పట్టుకుని ముందుకు పొమ్మన్న కౌన్సిలర్లు ఇప్పుడు ఏ ఊరికో కూడా చెప్పాలి.